మోగాల్సింది చుట్టూ... మోగేది ముందే!

పత్తి డబ్బు చేతికందాక పెద్ద టీవీ, దాని ముందు పెట్టే సౌండ్‌బార్ కొనే ఇళ్ళు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. పెట్టెమీద ‘డాల్బీ అట్మాస్’ అని ఉంటుంది. తీరా బిగించాక మాటలు, పాటలు అన్నీ ముందు నుంచే వస్తాయి. వెనుక స్పీకర్లు మూగనోము పట్టినట్లుంటాయి. దుకాణదారు మోసం చేశాడనుకునేవారు కొందరు, మెకానిక్‌కు మరికొంత ముట్టజెప్పేవారు మరికొందరు. నిజానికి చాలాసార్లు లోపం బార్‌లో ఉండదు, ధ్వని నడిచే దారిలో ఉంటుంది.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు టీవీ నిన్నమొన్నటిది కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఈ జిల్లా గ్రామాలూ ఉన్నాయి. అప్పుడు ఒకే బొమ్మకు తెలుగు, కన్నడ ధ్వనులు రెండూ జతచేసి పంపేవారు. 2012లో వచ్చిన అట్మాస్, ఏ శబ్దం ఎటునుంచి వినిపించాలో కూడా చెబుతుంది. ఆ సమాచారం మధ్యలో జారిపోకుండా చూసుకోవాలి.

వైరు ఏది?

బ్లూటూత్‌తో కలిపితే వచ్చేది స్టీరియో మాత్రమే. ఆప్టికల్ వైరు 5.1 దాకా మోస్తుంది, అట్మాస్‌ను మోయలేదు. టీవీ వెనుక హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసి ఉన్నదానికే వైరు పెట్టాలి. బార్ వైపూ అంతే. పక్క పోర్టులో పెడితే టీవీ ధ్వని బార్‌కు చేరదు.

సెట్టింగులు

టీవీ సౌండ్ అవుట్‌పుట్‌ను హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి మార్చాలి. డిజిటల్ అవుట్‌పుట్ ‘పీసీఎం’లో ఉంటే ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’ చేయాలి. ‘సీఈసీ’ ఆన్‌లో ఉండాలి. ఈ పేరు కంపెనీని బట్టి మారుతుంది. అప్పటికీ పలకకపోతే రెండింటి ప్లగ్గులూ తీసి, రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టి చూడాలి.

సినిమాలో ఉంటేనే

కేబుల్, డీటీహెచ్ ఛానళ్ళలో చాలావాటికి స్టీరియో ధ్వనే ఉంటుంది. వార్తలు చూస్తూ వెనుక స్పీకరు మోగలేదంటే లాభం లేదు. ఓటీటీలో సినిమా పేరు దగ్గర అట్మాస్ గుర్తు చూడాలి. నెట్‌ఫ్లిక్స్‌లోనైతే ప్రీమియం చందా కట్టాలి.

ఇల్లూ ముఖ్యమే

పైకి చూసే స్పీకర్లున్న బార్ ధ్వనిని కప్పుకు కొట్టి కిందికి పంపుతుంది. ఎనిమిది నుంచి పన్నెండడుగుల ఎత్తున చదునైన స్లాబు ఉంటే బాగా పనిచేస్తుంది. పెంకుటింట్లో, వాలు రేకుల కింద ధ్వని పక్కకు పోతుంది. అలాంటి ఇంటికి విడి వెనుక స్పీకర్లున్న సెట్టే నయం. వాటిని కూర్చునేచోటికి ఇరుపక్కలా, కాస్త వెనుకగా పెట్టాలి. షాబాదు బండలు పరిచిన ఖాళీ గదిలో మాట గింగురుమంటుంది. జంపఖానా పరిచి, కిటికీలకు తెరలు కడితే తగ్గుతుంది.

ఇంట్లో పెద్దలకు చప్పుళ్ళకన్నా మాటలు వినపడడం ముఖ్యం. చాలా బార్ల రిమోట్‌లో ‘వాయిస్’ లేదా ‘డైలాగ్’ మీట ఉంటుంది. అది నొక్కితే సంభాషణలు తేటపడతాయి.

కొనబోయేవారు ముందుగా తమ టీవీ వెనుక ఏఆర్‌సీ పోర్టు ఉందో లేదో చూసుకుని దుకాణానికి వెళ్ళడం మంచిది. డబ్బు కట్టకముందే అట్మాస్ సినిమా పెట్టించి చెవులారా వినాలి. పెట్టెమీది అక్షరాలు ఒక్కటే చూసి కొంటే నష్టం మనదే.