అబిడ్స్ నుంచి జపాన్‌కు

పిల్లలూ! ఆదివారం అబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు తిరగేస్తూ, అట్లాసులో జపాన్ చూసి నిట్టూర్చారా? లక్షలు కావాలేమోనని నాంపల్లి స్టేషన్ దాటకముందే ఆశ వదులుకోకండి.

జపాన్ ప్రభుత్వ సంస్థ జె.ఎస్.టి. 2014లో ‘సకురా సైన్స్’ కార్యక్రమం ప్రారంభించింది. 2016 నుంచి మన విద్యార్థులూ వెళ్తున్నారు. సుమారు వారంపాటు అక్కడి ప్రయోగశాలలు చూస్తారు. ప్రయాణం, బస ఖర్చు ఆ సంస్థదే.

మరి దారేది? మన ప్రభుత్వపు ‘ఇన్‌స్పైర్ మానక్’ పోటీ. ఇంట్లోనో వీధిలోనో ఒక ఇబ్బందిని గమనించండి. దాన్ని తీర్చే సొంత ఆలోచనను బడి ద్వారా పంపండి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనల్లో గెలిచిన కొందరు సకురాకు వెళ్ళారు.

డబ్బు కట్టమనే కరపత్రం చేతికొస్తే, ముందు మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఈ ప్రయాణానికి తొలి పెట్టుబడి ఒక నోటుపుస్తకమే. ఇవాళే అందులో ఒక ఇబ్బంది రాసుకోండి!