చిలకలూరిపేట బస్సు దహనం కేసు: నేరం, దండన, మానవహక్కుల పర్యవేక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గుంటూరు, ఒంగోలు నగరాల మధ్య జాతీయ రహదారిపై ఉన్న చిలకలూరిపేట పత్తి, మిర్చి పండే నేలకు నడిమి పట్టణం. న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రం ఆ పేరు మరొక కారణంగా పరిచితం. 1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వస్తున్న ఆర్టీసీ బస్సులో, ప్రయాణికులుగా ఎక్కిన ఇద్దరు యువకులు దోపిడీకి పూనుకొని పెట్రోలు చల్లి నిప్పు పెట్టారు. ఇరవైముగ్గురు ప్రయాణికులు ఆ మంటల్లో మరణించారు. నిందితులైన చలపతిరావు, విజయవర్ధనరావులకు గుంటూరు సెషన్స్ న్యాయస్థానం 1995లో మరణశిక్ష విధించింది. హైకోర్టు దానిని ధ్రువీకరించింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

ఈ కేసును ఘోరనేరంగా చూసే దృష్టి ఒకటి, మరణశిక్ష వ్యతిరేకోద్యమంలో ఒక ఘట్టంగా చూసే దృష్టి మరొకటి ప్రచారంలో ఉన్నాయి. రెండింటిలోనూ మరుగున పడినది పర్యవేక్షణ ప్రశ్న. నేరం జరిగిన సంవత్సరమే దేశంలో మానవహక్కుల పరిరక్షణ చట్టం వచ్చింది. అయినా దోషుల ప్రాణాలకు సంబంధించిన నిర్ణయంలో ఆ చట్టం సృష్టించిన వ్యవస్థకు పాత్ర లేకపోయింది. అది ఎందుకు లేకపోయింది, ఆ ఖాళీని ఏవి పూరించాయి అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

దర్యాప్తు – వాంగ్మూలాల విలువ

రాత్రివేళ, కాలిపోయిన బస్సు, తీవ్రంగా గాయపడిన సాక్షులు: పోలీసు దర్యాప్తుకు ఇంతకంటే క్లిష్టమైన పరిస్థితి అరుదు. ఆసుపత్రిలో ఉన్న క్షతగాత్రులు బతుకుతారో లేదో తెలియని స్థితిలో మేజిస్ట్రేటు వారి వాంగ్మూలాలు నమోదు చేశారు. వారిలో కొందరు కోలుకున్నారు. అక్కడే చట్టపరమైన చిక్కు ఏర్పడింది. చెప్పినవారు మరణిస్తేనే ఆ మాట మరణవాంగ్మూలంగా సాక్ష్యచట్టం 32వ సెక్షన్ కిందికి వస్తుంది. బతికి ఉంటే అదే కాగితానికి ఆ హోదా ఉండదు. సాక్షి న్యాయస్థానంలో చెప్పిన మాటను బలపరచడానికో, ఖండించడానికో మాత్రమే అది ఉపకరిస్తుంది.

అయితే ఆ వాంగ్మూలాన్ని ఘటనలో అంతర్భాగంగా, అంటే 6వ సెక్షన్ కింద స్వీకరించవచ్చా? సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ సెక్షన్‌కు ఆధారం మాటలోని తక్షణత. కట్టుకథ అల్లే వ్యవధి లేనంత వెంటనే వెలువడిన మాటకే ఆ విలువ. నేరానికీ, మేజిస్ట్రేటు నమోదుకూ మధ్య గణనీయమైన వ్యవధి ఉంటే ఆ బంధం తెగిపోతుంది. నేటికీ న్యాయకళాశాలల్లో ఈ తీర్పును ప్రధానంగా బోధించేది ఈ సూత్రం కోసమే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 6వ సెక్షన్ 4వ సెక్షన్‌గా, 32వ సెక్షన్ 26వ సెక్షన్‌గా మారినా సూత్రం మారలేదు.

ఇందులో గమనించవలసినది ఉంది. ప్రజాగ్రహం అంత తీవ్రంగా ఉన్న కేసులోనూ సాక్ష్యం ఏ తలుపు గుండా లోపలికి రావాలో న్యాయస్థానం జాగ్రత్తగా చూసింది. దోషనిర్ధారణ దశలో కనిపించే ఈ నిశితత్వాన్ని ఆనాటి న్యాయవ్యవస్థ దండన దశకు కూడా అలవరచుకుందా అన్నది వేరే ప్రశ్న. 1980 నాటి బచన్‌సింగ్ తీర్పు నేరంతోపాటు నేరస్థుణ్ణి కూడా తూచాలని చెప్పింది. నేరస్థుని బాల్యం, పేదరికం, మారగల అవకాశం వంటి వివరాలు సేకరించే బాధ్యత ఎవరిదో మాత్రం స్థిరపడలేదు. పోలీసు దర్యాప్తు నేరం చుట్టూ తిరుగుతుంది, నేరస్థుని జీవితం చుట్టూ కాదు. పేద ముద్దాయి తరఫు న్యాయవాదికి అందుకు వనరులుండవు.

చట్టం గీసిన పరిధి

1993 సెప్టెంబరు 28న అమలులోకి వచ్చిన మానవహక్కుల పరిరక్షణ వ్యవస్థ కింద ఆ అక్టోబరు 12న జాతీయ మానవహక్కుల కమిషన్ ఏర్పడింది. చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం కమిషన్ విచారణకు కేంద్రం ప్రభుత్వోద్యోగి. ఉల్లంఘన ఉద్యోగి చేతనైనా జరగాలి, లేదా దానిని నివారించడంలో ఉద్యోగి నిర్లక్ష్యమైనా ఉండాలి. బస్సులో కాలిపోయినవారి జీవించే హక్కును హరించినది ప్రైవేటు వ్యక్తులు. కనుక కమిషన్ భాషలో అది నేరమే తప్ప మానవహక్కుల ఉల్లంఘన కాదు. దోషులకు శిక్ష విధించినది న్యాయస్థానం. దానిపై కమిషన్‌కు అధికారం లేదు. ఈ రెండు మినహాయింపుల నడుమ చిలకలూరిపేట కేసు కమిషన్ పరిధికి బయట ఉండిపోయింది.

పరిధి లోపల ఉన్న విషయాల్లో కమిషన్ అదే కాలంలో, అందులోనూ ఆంధ్రప్రదేశ్ విషయంలోనే, చురుగ్గా పనిచేసింది. నిర్బంధ మరణాలను 24 గంటల్లో నివేదించాలని 1993 డిసెంబరులో ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై 1996 నవంబరు 5న ఎన్‌కౌంటర్ మరణాల గురించి కీలకమైన ఉత్తర్వు ఇచ్చింది. దాని ఆధారంగా 1997 మార్చి 29న అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ మరణాన్ని కూడా విచారించదగిన నేరసమాచారంగా నమోదు చేయాలన్నది ఆ లేఖ సారాంశం. చిలకలూరిపేట దోషుల ఉరితీత దగ్గరపడినది సరిగ్గా ఆ నెలలోనే. ఒకే రాష్ట్రం, ఒకే నెల, జీవించే హక్కుకు సంబంధించిన రెండు ప్రశ్నలు. సంస్థ ఉన్నది ఒకదానికే.

పోలకకు ఒక చిన్న దేశాన్ని చూడవచ్చు. తెలుగు సంతతివారు గణనీయంగా ఉన్న మారిషస్ మరణశిక్షను 1995లోనే, అంటే గుంటూరు తీర్పు వెలువడిన ఏడాదే, రద్దుచేసింది. 1999 ఫిబ్రవరిలో గాయకుడు కయా పోలీసు నిర్బంధంలో మరణించగా దేశమంతటా అల్లర్లు చెలరేగాయి. మొదట మానవహక్కుల కమిషన్ చేతిలో ఉన్న పోలీసు ఫిర్యాదుల విచారణను 2016 చట్టం ప్రత్యేకమైన స్వతంత్ర కమిషన్‌కు అప్పగించింది. భారతదేశంలో ప్రకాశ్‌సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల సంస్థలు నెలకొల్పాలని ఆదేశించవలసి వచ్చింది. ద్వీపదేశంలో శాసనసభ చేసిన పనిని ఇక్కడ న్యాయస్థానం చెప్పవలసిరావడం గమనార్హం.

కాలవ్యవధులు చెప్పే కథ

నేరం 1993 మార్చి. అంతిమ తీర్పు 1996 ఆగస్టు. మూడున్నరేళ్లు నిండకుండానే మూడు న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. ఈ వేగాన్ని విడిగా చూస్తే అది ప్రశంసనీయమే. కానీ అదే గుంటూరు, ప్రకాశం మైదానంలో మరి రెండు ఘటనలున్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం విధించగా, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది.

చిలకలూరిపేట దోషులిద్దరూ దళితులు. దళితులు హతులైన కేసులు ఏళ్లతరబడి సాగడం, దళితులు హంతకులైన కేసు మూడున్నరేళ్లలోనే ముగియడం అనే వ్యత్యాసమే దళిత, హక్కుల సంఘాల ఆందోళనకు బలమిచ్చింది. ఈ వాదానికి పరిమితి కూడా ఉంది. చుండూరులో నిందితుల సంఖ్య, ప్రత్యేక న్యాయస్థాన స్థాపనపై వివాదాలు విచారణను సాగదీశాయి. బస్సు కేసులో నిందితులు ఇద్దరే. కాబట్టి కాలవ్యవధి ఒక్కటే పక్షపాతానికి రుజువు కాదు. అయితే నిందితుల వెనుక ఆస్తి, అంగబలం ఉన్నప్పుడు జాప్యానికి దారులు అనేకం తెరచుకుంటాయనీ, అవేమీ లేనప్పుడు విచారణ సాఫీగా ఉరికంబం వరకు నడుస్తుందనీ ఈ మూడు కేసులనూ పక్కపక్కన పెట్టినప్పుడు కాదనడం కష్టం.

బస్సులో మరణించినవారిలో అత్యధికులు ఈ చర్చలో పేరులేకుండానే మిగిలిపోయారన్నది కూడా చెప్పవలసిన మాట. బాధితులకు పరిహార పథకాన్ని తప్పనిసరి చేసిన 357ఎ సెక్షన్ నేరవిచారణ స్మృతిలో చేరినది 2009 చివరలో. హక్కుల సంఘాలు హంతకుల పక్షం వహిస్తున్నాయన్న విమర్శకు బలం ఇక్కడినుంచే వచ్చింది. హక్కుల ఉద్యమం రాజ్యహింసకే పరిమితం కావాలా అన్న చర్చ ఆ దశకంలో తెలుగునాట తీవ్రంగా సాగింది, 1998లో కె. బాలగోపాల్ తదితరులు మానవహక్కుల వేదికను స్థాపించడానికి నేపథ్యం అదే.

క్షమాభిక్ష

రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్షను తిరస్కరించారు. 1997 మార్చి చివరలో ఉరితీత గడువుకు కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. మహాశ్వేతా దేవి వంటి రచయితలు గొంతు కలిపారు. తరువాత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 1998లో శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఒకసారి తిరస్కరణ పొందిన అభ్యర్థన మరొక రాష్ట్రపతి కాలంలో ఫలించడం భారత రాజ్యాంగ చరిత్రలో అరుదైన విషయం.

72వ అధికరణ రాష్ట్రపతికి ఇచ్చిన అధికారం మంత్రిమండలి సలహాకు లోబడినది. కారణాలు చెప్పవలసిన నియమం లేదు. వినికిడి హక్కు లేదు. అంటే, కమిషన్ చూడలేని, న్యాయస్థానం చూసి ముగించిన విషయాన్ని చివరికి తూచినది ఒక ఫైలు. అది ఇద్దరి ప్రాణాలు నిలిపింది నిజమే. వేరొక సంవత్సరంలో వేరొక ఫైలు అలాగే నడుస్తుందన్న భరోసా మాత్రం అందులో లేదు.

2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు క్షమాభిక్ష తిరస్కరణకూ ఉరితీతకూ మధ్య పద్నాలుగు రోజుల వ్యవధి, న్యాయసహాయం, తిరస్కరణ ప్రతి అందజేయడం తప్పనిసరి చేసింది. 1997 మార్చిలో చివరి గంటల్లో పరుగుపెట్టి సాధించిన దానికి ఆ తీర్పుతో నియమరూపం వచ్చింది. ఇక 2022 మే 20న మనోజ్ కేసులో, ముద్దాయి జీవిత నేపథ్యం, మానసికస్థితి, జైలులో ప్రవర్తన గురించిన సమాచారాన్ని విచారణ దశలోనే రాష్ట్రం న్యాయస్థానం ముందుంచాలని ఆదేశించింది. చిలకలూరిపేట కేసు విచారణ గుంటూరులో సాగిన నాటికి అలాంటి నివేదిక అడగవలసిన బాధ్యత ఏ అధికారిపైనా లేదు.