మా డాబా మీది తలకిందుల గొడుగు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, టీవీలో బొమ్మ రావడానికి ఒక ఇల్లాలు చేతిలో పానా పట్టుకుని డాబా ఎక్కాల్సిన రోజులుండేవి. ఆ ఇల్లాలిని నేనే.

అది 1993. మేం పటాన్‌చెరులో ఉంటున్నాం. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ లాకౌటై అప్పటికి ఏడో నెల. యూనియన్ వాళ్లు రేపు తెరుస్తారు, మాపు తెరుస్తారు అంటున్నారే తప్ప గేటు తాళం కదల్లేదు. ఇద్దరాడపిల్లలు, ముసలి అత్తగారు, కిరాణా కొట్లో పెరిగిపోతున్న ఖాతా. ఆ టైములో మా మరిది రెండేళ్ల గల్ఫ్ కాంట్రాక్టు ముగించుకుని వచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "వదినా, హైదరాబాద్‌ల గల్లీకొక డిష్ లేస్తుంది. ఇక్కడ ఇంత మంది కార్మికులున్నరు, ఒక్కరన్న పెట్టిన్రా? మనం పెడదాం" అన్నాడు.

అతను తెచ్చిన పైసలు సగానికి కూడా చాల్లేదు. నా నాలుగు తులాల గాజులు బ్యాంకుకు వెళ్లాయి. వెళ్లేటప్పుడు మా ఆయన నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేదు.

పన్నెండు అడుగుల డిష్షు లారీలో ముక్కలుగా వచ్చింది. బిగించాక చూసి మా అత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "గింత పెద్ద మూకుడు ఇంటి నెత్తిన పెడ్తున్నరు, పిడుగు పడ్తదేమో చూసుకోండ్రి!" వీధిలో పిల్లలకేమో అది తలకిందుల గొడుగు.

హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ దిక్సూచి పెట్టి చూసి, డిష్షును ఆగ్నేయానికి తిప్పాడు. నేను నవ్వాపుకోలేక, "అది వంటింటి మూల కదయ్యా" అన్నాను. నిజానికి అందులో తమాషా ఏం లేదు. అప్పట్లో స్టార్ టీవీ చానళ్లు హాంకాంగ్ నుంచి ఏషియాశాట్-1 అనే ఉపగ్రహం ద్వారా వచ్చేవి. అది భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండేది. మనం 78 డిగ్రీల దగ్గరున్నాం. అందుకే మనకది ఆగ్నేయంలో, ఆకాశం సగానికి కాస్త పైన దొరుకుతుంది. భూమి తిరిగే వేగంతోనే అదీ తిరుగుతుంది కాబట్టి ఎప్పుడు చూసినా అక్కడే కదలకుండా ఉన్నట్టుంటుంది. ఒక్కసారి గురి కుదిరితే చాలు. కుదరడమే కష్టం. వేలెడంత పక్కకు జరిగితే బొమ్మ నిండా చుక్కలు.

మా ఆయన పైన డిష్షు తిప్పుతుంటే నేను కింద టీవీ ముందు కూర్చుని "వచ్చింది... పోయింది... ఆ, ఆ, అక్కడే!" అని అరిచేదాన్ని. ఇంటి ముందు కాలనీ అంతా జమైంది. చుక్కల్లోంచి మొదట తేలిన బొమ్మలో ఒక తెల్లామె ఏడుస్తోంది. అది 'శాంటా బార్బరా' అని ఆ తర్వాత తెలిసింది. ఆమె ఎందుకేడుస్తోందో ఎవరికీ తెలియదు గానీ, అందరం చప్పట్లు కొట్టాం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆకాశంలోంచి వచ్చే బొమ్మ మన పల్లెలకు 1993లోనే కొత్తగా తెలియలేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఎటిఎస్-6 ఉపగ్రహాన్ని మన వైపు తిప్పించి, ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ చూపించారు. మన రాష్ట్రం వాటిలో ఒకటి. కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి దానితో చేసిన మూడు మీటర్ల డిష్షులు, వాటి కింద ఒక టీవీ, దాని ముందు ఊరు ఊరంతా. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు చూపించేవాళ్లు. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. అప్పుడు సర్కారు చూపించింది ఊరు చూసింది. ఇప్పుడేమో ఎవరికి ఏది కావాలో వాళ్లు వచ్చి మా గుమ్మం ముందు అడుగుతున్నారు. తేడా అంతా అదే.

అడిగేవాళ్లు కూడా ఎంతమంది! పారిశ్రామికవాడ కదా, ఒక్కో గదిలో ఒక్కో రాష్ట్రం. తమిళ ఫిట్టర్లకు సన్ టీవీ కావాలి, మలయాళీ నర్సమ్మకు ఏషియానెట్ కావాలి, బీహారు వాళ్లకు జీ టీవీ ఉంటే అన్నం కూడా అక్కర్లేదు. తెలుగువాళ్లకేమో 1995లో జెమిని, ఈటీవీ వచ్చేదాకా వీసీఆర్‌లో మేం వేసే సినిమానే దిక్కు. ఆడవాళ్లు మాత్రం ఇంగ్లీషు రాకపోయినా 'బోల్డ్ అండ్ ది బ్యూటిఫుల్' చూసేవాళ్లు. కథ తోచినట్టు వాళ్లే అల్లుకునేవారు. పక్కింటి పిన్నిగారు ఒకరోజు నాతో, "ఆ ఇంటి అత్త మంచిది కాదమ్మా, చూపులోనే తెలుస్తుంది" అన్నారు. నిజానికి ఆవిడ అత్తో, కాదో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆరు నెలలు తిరగ్గానే మా ఆయనకు వేరే కంపెనీలో షిఫ్టు పని దొరికింది. మరిది మళ్లీ విమానం ఎక్కాడు. కంట్రోల్ రూమ్ నా నెత్తిన పడింది. రూమంటే మరేం లేదు, మెట్ల కింద బియ్యం డబ్బా పక్కన నాలుగు రిసీవర్లు, మాడ్యులేటర్లు, ఒక వీసీఆర్. కూర పొయ్యి మీద పెట్టి యాంప్లిఫయర్ ఫ్యూజ్ వేసేదాన్ని. నెల మొదట్లో యాభై రూపాయల వసూలుకు నేనే తిరిగేదాన్ని. "ఆడమనిషి వచ్చింది, రేపు ఇద్దాంలే" అనేవాళ్లు ఉన్నారు. రాత్రి పన్నెండు దాటాక "వేరే రకం" సినిమా వెయ్యమని కుర్రాణ్ని పంపిన పెద్దమనుషులూ ఉన్నారు. ఆ పెద్దమనుషుల భార్యల పేర్లు నా వసూలు పుస్తకంలో ఉన్నాయని, అడిగి చెబుతాననీ కబురు పెట్టాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

మార్చిలో ఇంకో తంటా. ఓ వారం రోజులు పొద్దున పది దాటాక కొన్ని నిమిషాలు బొమ్మ పూర్తిగా పోయేది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, ఎండతో పాటు తన రొదంతా డిష్షులో పోస్తాడట. ఇంటింటికీ తిరిగి ఇది చెబితే, "పైసలు తీసుకుని సూర్యుణ్ని అడ్డం పెడ్తున్నవా అక్కా?" అని వెక్కిరించారు.

1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చింది. అప్పట్లో ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవాల్సి ఉండేది, దూరదర్శన్ చానళ్లు తప్పక ఇవ్వాల్సి ఉండేది. సంగారెడ్డి బస్సెక్కి వెళ్లి ఫారం నా పేరు మీద నింపాను. వృత్తి అన్న చోట అలవాటు కొద్దీ గృహిణి అని రాయబోయి ఆగాను. జీవితంలో మొదటిసారి ఆ గడిలో వేరే మాట రాశాను.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఖాలా సంగతి.

మా వెనక గల్లీలో ఉండేది. అరవై దాటిన మనిషి. ఆమె చెల్లెలు పెళ్లయి కరాచీ వెళ్లిపోయి నలభై ఏళ్లు. ఉత్తరాలే తప్ప ఒకరినొకరు చూసుకున్నది రెండే సార్లు. మా కేబుల్ వచ్చిన నెలకే కొంగున ముడేసిన యాభై రూపాయలు తెచ్చి, "బేటీ, పీటీవీ వస్తదా?" అని అడిగింది. పాకిస్తాన్ వాళ్ల పీటీవీ-2 కూడా అప్పట్లో ఏషియాశాట్-1 మీదే ఉండేది. మా డిష్షు కదిలించకుండానే దొరికింది. వాళ్ల నాటకాలంటే మనవైపు ఉర్దూ ఇళ్లల్లో ప్రాణం. 'ధూప్ కినారే' క్యాసెట్లు అంతకుముందే చేతులు మారుతుండేవి.

కానీ ఖాలా నాటకం కథ చూసేది కాదు. కరాచీ వీధులు చూసేది. కారు పోతుంటే వెనక కనపడే దుకాణాలు, బోర్డులు. "ఇది సద్దరు బజారే. మా చెల్లె రాసింది" అనేది. 1995లో కరాచీలో రోజూ కాల్పులు జరుగుతున్నప్పుడు, రాత్రి ఖబర్‌నామా అయ్యేదాకా ఆమె అన్నం తినేది కాదు. ఆ టైములో కరెంటు పోతే మా ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చునేది. మా దగ్గర బ్యాటరీ ఉండేది మరి.

ఒకసారి డాబా ఎక్కి వచ్చి డిష్షు చూసి, "కరాచీ అటేనా?" అని అడిగింది. "కాదు ఖాలా, కరాచీ అటు" అని వాయవ్యం చూపించాను. "మరి ఇది ఇటు చూస్తుందేం?" అంది. అక్కణ్నుంచి పైకి పంపిస్తారు, ఇది అక్కడి పైనుంచి కిందికి దింపుతుంది అని నాకు తెలిసినంత చెప్పాను. "ఐతే వీపు చూపించి మాట్లాడుకుంటున్నం అన్నమాట" అని నవ్వింది.

1999 మే నెలలో కార్గిల్ యుద్ధం మొదలైంది. జూన్‌లో, పీటీవీని కేబుల్లో ఇవ్వొద్దని కేంద్ర ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. ఆదేశం పేపర్లో రాకముందే మా ఇంటికి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. నేను ఎత్తుకు ఆడించిన పిల్లలే. "ఆంటీ, పాకిస్తాన్ చానల్ మీరే ఇస్తున్నరట" అన్నారు. మర్యాదగానే అన్నారు. అయినా మా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. "ఆడపిల్లలున్నరు. బంద్ చెయ్యి" అన్నారు పొద్దున.

చట్టం సంగతి పక్కన పెట్టండి, యుద్ధం జరుగుతుంటే ఇలాంటి ఉత్తర్వు వస్తుంది, ఎవరైనా ఇస్తారు. పాటించక తప్పదు, పాటించాను. మెట్ల కింద వంగి రిసీవర్ వెనక పిన్ను లాగితే అర క్షణం పని. నేను చేసిన తప్పు వేరే. ఖాలా ఇంటికి వెళ్లి చెప్పలేదు. రెండు గల్లీల అవతలికి వెళ్లడానికి నాకు ధైర్యం చాల్లేదు. నలుగురి కంటా పడతానన్న భయం కొంత, ఆమె మొహం చూడలేకపోవడం కొంత. ఎవరు చెప్పగా ఆమెకు తెలిసిందో, లేక తొమ్మిదిన్నరకు టీవీ పెట్టుకుని చుక్కలు చూసి తెలుసుకుందో.

జూలై ఒకటో తారీఖున తనే వచ్చింది. యాభై రూపాయలు ముందు పెట్టింది. "ఖాలా, నీ చానల్ లేదు కదా, ఈ నెల వద్దు" అన్నాను. ఆమె నోటు నా వైపు జరిపి, "వైరు ఉండనియ్యి బేటీ. వైరు తీసేస్తే గల్లీల అందరు ఎందుకు అని అడుగుతరు" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పీటీవీ పోయిందన్న బాధ కన్నా, ఏం చూసేదో నలుగురికీ తెలుస్తుందన్న భయం ఆమెకు ఎక్కువగా ఉంది. నా దగ్గర ఉన్న అదే భయం.

ఆ తర్వాత నేనే వెళ్లడం మొదలుపెట్టాను. ఆమెకు పోస్టులో వచ్చే ఉత్తరం ఉర్దూలో ఉండేది, కళ్లు మసకబారి చదువుకోలేదు. నాకు ఉర్దూ అక్షరాలు రావు. మా చిన్నదాని స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లేదాన్ని. ఆ పిల్ల చదివితే మేమిద్దరం వినేవాళ్లం. సద్దరు బజారులో గాజుల దుకాణం మూసేశారన్న వార్త అలాగే తెలిసింది.

నా గాజులు 1996లోనే ఇంటికొచ్చాయి. కేబుల్ లైను 2006లో పెద్ద నెట్‌వర్క్ వాళ్లకు అమ్మేశాం. అప్పటికే ఇళ్ల మీద చిన్న చిన్న పళ్లేల్లాంటి డిటిహెచ్ డిష్షులు మొలిచాయి. మా పన్నెండు అడుగుల మూకుడుకు పాత ఇనుము వాడు కిలో లెక్కన ధర చెప్పాడు. మా అత్తమ్మ ఉండి ఉంటే సంతోషంగా ఇచ్చేసేది. నేను ఇవ్వలేదు. బోల్టులు విప్పించి డాబా మీద వెల్లకిలా పడుకోబెట్టాను. దాని మీద చీర పరిచి, ఎండాకాలం వడియాలు పెడుతున్నాను.