జీపు గాల్లోకి లేస్తే ఈలలు... మరి దిగేటప్పుడు?

హాలు ఈలలతో దద్దరిల్లిపోతోంది. తెరమీద హీరోగారి జీపు వాగుగట్టు మీంచి గాల్లోకి లేచి, గడ్డివాము దాటి, ఢామ్మని దిగి, ఏమీ ఎరగనట్టు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. పక్కసీట్లో ఉన్న మా మేనల్లుడు నా మోచెయ్యి పట్టి కుదిపేశాడు.

"మావయ్యా! మన జీపుని కూడా ఇలా ఎత్తు చేసేద్దాం!"

'మన జీపు' అంటే, వెంగళరావు నగర్‌లో మా ఇంటి వరండా పక్కన రేకుల షెడ్డులో ఉండే పాత మహీంద్రా. మా పేట సంగతి మీకు చెప్పాలా? 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' తీసిన సారథీ స్టూడియో నడిచి వెళ్లేంత దూరం. ఇటు తిరిగితే కృష్ణానగర్, సినిమా కష్టజీవుల ఊరు. పైకెక్కితే జూబిలీ హిల్స్. ఇలాంటి చోట జీపు ఉన్నవాడికి సినిమా పిచ్చి పట్టకుండా ఉంటుందా? నాకూ పట్టింది. ఆ పిచ్చి ఎంత దూరం తీసుకెళ్లిందో, ఎక్కడ వదిలిందో చెప్పడానికే ఈ కథ.

నా చేతి పనితనం

ముందు ఒక్క ముక్క. పాత జీపుకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలుంటాయి. వంపు తిరిగిన స్టీలు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టు వేసి, యూ-బోల్టులతో ఇరుసుకి బిగిస్తారు. కట్టకి ఒక చివర ఛాసిస్‌కి కదలకుండా తగిలిస్తారు. రెండో చివర మాత్రం ఊగే లింకు మీద ఉంటుంది. ఎందుకంటే, గుంటలో పడి కమాన్ చదునైనప్పుడు పొడవు పెరుగుతుంది కదా! ఆ పెరిగిన పొడవుకి చోటు కావాలి. ఆ ఊగే లింకునే షాకిల్ అంటారు. రెండు ఇనప ప్లేట్లు, రెండు బోల్టులు, అంతే. చూడ్డానికి ఎవరైనా చేసేయొచ్చు అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించింది. రాణీగంజ్ వెళ్లి 8 మిల్లీమీటర్ల మందం ఇనప పట్టీ తెచ్చాను. అసలు షాకిల్ కంటి నుంచి కంటికి 3 అంగుళాలుంటే, నేను 5 అంగుళాలు చేశాను. జీపు రెండంగుళాలు లేస్తుందని నా ఊహ. రెండు ఆదివారాలు గ్రైండరు రొద పెట్టి పక్కింటివాళ్ల చేత చీవాట్లు తిని, నాలుగు కమాన్లకీ ఎనిమిది ప్లేట్లు తయారుచేశాను. ప్లేట్లు పక్కకి ఊగకుండా మధ్యలో అడ్డముక్క పెట్టి నేనే వెల్డింగ్ చేశాను. వెల్డింగ్ చూస్తే మల్లెపూల మాల! మేనల్లుడు ఫొటోలు తీసి స్నేహితులందరికీ పంపించాడు.

తీరా బిగించి కొలిస్తే జీపు లేచింది ఒక్క అంగుళమే! ఆలోచిస్తే ఎందుకో తెలిసింది. ఇరుసు కమాన్ మధ్యలో ఉంటుంది. ఒక చివర రెండంగుళాలు దిగితే, కదలని రెండో చివర అలాగే ఉంటే, మధ్యలో వచ్చేది సగమే. ఐదో తరగతి లెక్క! ఆ లెక్క తప్పినందుకు నవ్వుకున్నాం. కానీ అసలు తప్పు ఇంకోటుందని మాకు అప్పటికి తెలియదు.

చేవెళ్ల దారిలో

తెల్లవారుజామున వికారాబాద్ వైపు బయల్దేరాం. చేవెళ్ల దారిలో రెండువైపులా ఊడలు దించిన మర్రిచెట్లు. అరవై కిలోమీటర్ల వేగం. చిన్న గుంట, నిజంగా చిన్నదే. ముందు చక్రం అందులో పడి లేచిందో లేదో, రెండు చక్రాలూ పూనకం వచ్చినట్టు అటూ ఇటూ తలలాడించడం మొదలుపెట్టాయి. స్టీరింగ్ నా చేతుల్లో నిలవడం లేదు. ఎదురుగా బస్సు. బ్రేకు గట్టిగా తొక్కితే ఎటు తిరుగుతుందో తెలియదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకొని, మెల్లిగా ఎడమ పక్కకి దించాను. ఓ మర్రిచెట్టు మొదలుకి రెండు గజాల దూరంలో బండి ఆగింది.

మా మేనల్లుడు ఆగకుండా మాట్లాడే మనిషి. ఆ పది నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. వాడి మొహం చూశాక నాకు చెమటలు పట్టాయి. మా అక్కకి ఏం సమాధానం చెప్పేవాణ్ణి?

క్రేన్ బండి మీద జీపుని వెనక్కి తెచ్చి, కమాన్ పనిలో తల పండిన ఒక మేస్త్రీ దగ్గర దించాను. ఆయన కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఎవరు చేసిండ్రు సార్ ఇది?"

"నేనే."

"కోసుడు మంచిగనే కోసిండ్రు. లెక్కనే తప్పింది."

ఆ లెక్క ఏమిటో సైకిల్ చూపించి చెప్పాడు. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది. జీపు ముందు ఇరుసుకీ అలాంటి వాలే ఉంటుంది. దాన్ని క్యాస్టర్ అంటారు. పాత విల్లీస్ జీపులకి అది 3 డిగ్రీలు. మా జీపుకి ముందు కమాన్ల షాకిల్ ముందువైపు ఉంటుంది. కమాన్ పొడవు దాదాపు 36 అంగుళాలు. దాని ముందు చివరని నేను రెండంగుళాలు దించేసరికి కమాన్‌తోపాటు ఇరుసు కూడా సుమారు 3 డిగ్రీలు ముందుకి తిరిగిపోయింది. అంటే ఉన్న వాలంతా నేనే తుడిచేశానన్నమాట! ఒక్క అంగుళం ఎత్తుకోసం చక్రాన్ని తిన్నగా నడిపించే గుణాన్నే పోగొట్టాను.

అక్కడితో అయిపోలేదు. నా మల్లెపూల మాల పక్కన వెంట్రుకంత పగులు. ప్లేట్ల అంచులు ఏటవాలుగా సానబట్టకుండా వెల్డింగ్ చేయడంతో ఇనుము పైపైనే అతుక్కుంది, లోపలికి దిగలేదు. మేకప్ బాగుంది, నటన లేదు!

రెండోసారి

మేస్త్రీ చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పొడవు అసలుదే, 3 అంగుళాలు. మీలో ఎవరికైనా ఈ పని మీద మోజుంటే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి.

జత ప్లేట్లు రెండూ కలిపి బిగించి, ఒకేసారి రంధ్రం వేయాలి. అప్పుడే బోల్టు తిన్నగా కూర్చుంటుంది. రంధ్రం డ్రిల్లుతోనే వేయాలి, గ్యాస్ కట్టరుతో కాల్చకూడదు. అంచులన్నీ ఆకురాయితో నున్నగా చేయాలి, పగులు ఎప్పుడూ పదునైన మూలలోనే పుడుతుంది. బోల్టు తలమీద 8.8 అని అంకె ఉందో లేదో చూడండి. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు వరకూ తెగదని. రెండో 8 అంటే అందులో 80 శాతం వరకూ సాగిపోదని. ప్లేటులో బోల్టు నున్నటి ఒళ్లే ఆనాలి, మరలు ఆనకూడదు.

ఇంకోటి. మా జీపుకి ఇదివరకటి ఓనరు రబ్బరు బుష్‌లు వేయించాడు. వాటి బోల్టులు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. బండి బరువు చక్రాల మీదికి దిగాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

మేస్త్రీ కమాన్ కట్టలు విప్పించాడు. పట్టీల మధ్య ఏళ్లనాటి తుప్పు! అన్నీ ఒక్క ముద్దగా అతుక్కుపోయి, కమాన్ వంగడమే మానేసింది. వైరు బ్రష్షుతో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి, కొత్త సెంటర్ బోల్టులు, కొత్త యూ-బోల్టులు వేశాం. మూడంగుళాల టేకు దిమ్మలు పేర్చి ఒక ముందు చక్రాన్ని మెల్లిగా ఎక్కించి చూశాం. తుప్పుతో ఉన్నప్పుడు నాలుగు దిమ్మలకే వెనక చక్రం నేల వదిలింది. ఇప్పుడు ఐదు దిమ్మల మీద కూడా నాలుగు చక్రాలూ నేలకి ఆనే ఉన్నాయి!

అసలు రహస్యం ఇదే మిత్రులారా. కమాన్ పని బండిని ఎత్తడం కాదు, చక్రాన్ని నేలకి అంటిపెట్టి ఉంచడం. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు పనిచెయ్యదు, స్టీరింగ్ పనిచెయ్యదు.

"పోనీ, లారీ కమాన్ పట్టీ ఒకటి కలుపుదామా?" అన్నాడు మేనల్లుడు. పట్టీ మందం రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడది కమాన్ కాదు, దూలం! ఇంకా, కమాన్ స్టీలుని కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ పదునుకి తెస్తారు. దానికి ఇంట్లో వెల్డింగ్ పెడితే ఆ పదును చచ్చి, పక్కనే పెళుసవుతుంది. అందుకే కమాన్ పట్టీలు, స్టీరింగ్ రాడ్లు, ఇరుసు జోలికి ఇంట్లో పోవద్దు.

చట్టం మాటా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు.

మరి సినిమా బళ్లో?

'మరి తెరమీద జీపులకేం కావడం లేదే' అంటారా? అవుతుంది. మనకి చూపించరు, అంతే. అమెరికా టీవీలో 1979 నుంచి 1985 దాకా నడిచిన 'ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్'లో ఒకే ఆరెంజి రంగు కారు వారం వారం గాల్లోకి లేచేది. నిజానికి ఒకటి కాదు, దాదాపు 300 కార్లు వాడారు! ముక్కు మీద పడకుండా డిక్కీలో బరువు నింపేవాళ్లు. దూకిన కారు దూకినట్టే తుక్కులోకి. 1974 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్'లో కారు గాల్లో బొంగరంలా మెలి తిరిగి దిగుతుంది. దాని వేగం, ర్యాంపు వంపు ముందే కంప్యూటర్‌తో లెక్కకట్టారు. అందుకే ఒక్క టేక్‌లో ఓకే అయింది.

మనవాళ్ల సంగతి చూడండి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లోని బుజ్జిని నాగ్ అశ్విన్ గారు ఏదో ఓ షెడ్డులో కొట్టించలేదు. సుమారు 6 టన్నుల ఆ మూడు చక్రాల బండి వెనుక మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్లు ఉన్నారు. తెరమీద మాయ చేసేవాళ్లు తెర వెనక లెక్క తప్పరు. నేను మాయ చూశాను గానీ లెక్క చూడలేదు.

మొన్న ఆదివారం మళ్లీ చేవెళ్ల దారి పట్టాం. అదే మర్రిచెట్టు దగ్గర వేగం తగ్గించి, ఒక్క క్షణం స్టీరింగ్ మీద పట్టు సడలించాను. జీపు తిన్నగా పోయింది. మేనల్లుడు ఆ చెట్టుకేసి చూసి, "మావయ్యా, ఎత్తు పెరగలేదు గానీ బాగుంది" అన్నాడు. తర్వాత వికారాబాద్ దాకా నోరు మూయలేదు. ఆ వాగుడు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

హీరోగారి జీపుకి ఒక్క షాట్ ఓకే అయితే చాలు. మన జీపు మాత్రం సాయంత్రానికి అందర్నీ ఇంటికి తేవాలి!