మొదటి పేజీ ఒక్క తాబేలుదే

సముద్ర తాబేళ్ల రక్షణకు వెబ్‌సైట్ తయారుచేసేవారికి ముందుగా మరణాల లెక్కలు పెట్టాలనిపిస్తుంది. లెక్కలకు మనసు అంతగా కరగదు. స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఆఫ్రికా ఆకలి గణాంకాలు చదివినవారు సగటున 1.14 డాలర్లు విరాళమిచ్చారు. రోకియా అనే ఒక్క పాప గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. రెండూ కలిపి చూపితే 1.43కి తగ్గింది! తాబేళ్లకూ ఇదే కొలత వర్తిస్తుందని చెప్పలేం గానీ, దారి మాత్రం తెలుస్తోంది.

2021లో ఒడిశాలో 03233 నంబరు ట్యాగు వేసిన ఆలివ్ రిడ్లే తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెట్టింది. మొదటి పేజీ దానికివ్వాలి. లెక్కలు లోపలి పేజీల్లో ఉండొచ్చు.

భయపెట్టి వదిలేస్తే చూసేవారు తప్పుకుంటారు. కథ పక్కనే చేయదగ్గ పని చెప్పాలి: గుడ్ల నుంచి బయటపడిన పిల్లలు వెలుతురు వైపు పాకి దారి తప్పుతాయి కాబట్టి, ఆ రోజుల్లో తీరం వైపు దీపాలు ఆర్పమని.