టెలిస్కోప్ బాక్స్ మీద నంబర్ చూసి కొనకండి: బందరు డాబా మీద నుంచి ఆకాశం

బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, ఈ టెలిస్కోప్ ఎన్ని ఎక్స్?" అడగాల్సింది అది కాదు తమ్ముడూ. అద్దం ఎన్ని మిల్లీమీటర్లు అని అడగాలి. ఈ తేడా తెలీకుండా కొన్న టెలిస్కోప్ నెల తిరక్కుండా అటకెక్కుతుంది. డబ్బులతో పాటు ఇంట్రెస్ట్ కూడా పోతుంది.

లెక్క చూద్దాం. రిఫ్లెక్టర్‌లో ట్యూబ్ అడుగున పుటాకార దర్పణం ఉంటుంది, మనం టెన్త్‌లో చదివిందే. అది వెలుతురుని పోగుచేస్తుంది. పైన ఉన్న చిన్న అద్దం దాన్ని పక్కకి తిప్పి ఐపీస్‌లోకి పంపుతుంది. అద్దం ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్.

76 మి.మీ. అద్దం, 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్‌కి 4 మి.మీ. ఐపీస్ పెడితే 175 రెట్లు. దానికి 3 ఎక్స్ బార్లో లెన్స్ తగిలిస్తే 525. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో వేసేది ఇదే. లెక్క ప్రకారం అబద్ధం కాదు, కానీ పనికిరాదు. అద్దంలో ఒక్కో మిల్లీమీటర్‌కి మహా అయితే 2 రెట్లు. అంటే 76కి 150 దగ్గర ఆగిపోవాలి. ఆ పైన వెళ్తే మసక ఫొటోని ఫోన్‌లో జూమ్ చేసినట్టే. బొమ్మ పెద్దదవుతుంది, వివరం మాత్రం రాదు.

ఇప్పుడు 130 మి.మీ. అద్దం, 650 ఫోకల్ లెంగ్త్ తీసుకోండి. చీకట్లో మన కంటిపాప సుమారు 7 మి.మీ. తెరుచుకుంటుంది. 130ని 7తో భాగించి వర్గం చేస్తే దాదాపు 345. కంటికంటే అన్ని రెట్లు ఎక్కువ వెలుతురు! 10 మి.మీ. ఐపీస్‌తో వచ్చేది 65 రెట్లే. అయినా శని వలయాలు, గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు, చంద్రుడి మీద గుంటలు చూడ్డానికి అది చాలు.

ఇక మన ప్రాంతం సంగతి. మచిలీపట్నం ఉన్నది సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అందుకే దక్షిణాన మనకో బోనస్ ఉంది, ఒమెగా సెంటారీ. సుమారు కోటి నక్షత్రాల గుంపు, దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరం. లండన్ వాళ్లకి ఇది అసలు ఉదయించదు. మనకి 26 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. చేయి చాపి పిడికిలి పడితే 10 డిగ్రీలు కాబట్టి, రెండున్నర పిడికిళ్లు అనుకోండి. మే రెండో వారంలో రాత్రి 10 గంటలకి నేరుగా దక్షిణాన వెతకండి. ముందు మసక ఉండలా ఉంటుంది. తదేకంగా చూస్తుంటే అంచుల్లో ముగ్గుపిండి చల్లినట్టు నక్షత్రాలు విడివిడిగా తేలతాయి. దివిసీమ చివర హంసలదీవి వైపు అయితే దక్షిణాన ఊరి లైట్లు ఉండవు, సముద్రమే. డాబా మీద నుంచి చూసేవాళ్లు వాన వెలిసిన రాత్రిని వదలొద్దు, దుమ్ము అణిగి ఉంటుంది.

ఒకటి ముందే చెప్తున్నా, ఇన్‌స్టాలో చూసే రంగులు ఐపీస్‌లో రావు. మసక వెలుతురులో పనిచేసే మన కంటి కణాలకి రంగు తెలీదు. అందుకే ఓరియన్ నెబ్యులా కూడా బూడిద రంగు పొగలా ఉంటుంది. పైగా కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగిందా, మళ్లీ మొదటికే. ఫోన్ జేబులో పెట్టేయండి బాస్.

మన అసలు శత్రువు తేమ. ఏసీ గదిలోంచి టెలిస్కోప్‌ని నేరుగా డాబా మీదకి తెస్తే, కూల్‌డ్రింక్ సీసాకి పట్టినట్టు అద్దానికి చెమ్మ పడుతుంది. కాబట్టి ఏసీ లేని గదిలో పెట్టండి, చూడ్డానికి అరగంట ముందే బయటికి తీయండి. చెమ్మ పడితే గుడ్డతో తుడవకండి. అద్దం మీద అల్యూమినియం పూత చాలా పల్చన, గీతలు పడతాయి. దానంతటదే ఆరనిచ్చి, ఆ తర్వాతే మూత పెట్టండి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి మద్రాస్ అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మన బందరుకే వచ్చాడు. అదే రోజు గుంటూరులో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ ఉన్నాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. అంత చరిత్ర ఉన్న ఊరు మనది. అలాగని ఉత్సాహంతో టెలిస్కోప్‌ని సూర్యుడి వైపు తిప్పొద్దు. ట్యూబ్ ముందు భాగానికి సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా ఒక్క క్షణం చూసినా చూపు శాశ్వతంగా పోవచ్చు. ఎక్స్‌రే ఫిల్మ్, నల్ల కళ్లద్దాలు పనికిరావు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పగలు టెలిస్కోప్‌ని మూత పెట్టి లోపలే ఉంచండి.

వచ్చే ఎపిసోడ్‌లో రెండు అద్దాలనీ ఒకే గీతలోకి తెచ్చే పని, అంటే కాలిమేషన్, ఇంట్లోనే ఎలా చేయాలో చూపిస్తా. ఉంటాను మరి.