శుభలేఖపై బాపు అక్షరం

పెళ్లిళ్ల రోజులొస్తే ప్రెస్సుల్లో శుభలేఖల పని జోరందుకుంటుంది. వధూవరుల పేర్లను చేత్తో రాసినట్టుండే అక్షరాల్లో వేయించుకోవడం మామూలైంది. ఆ అక్షరాల్లో పేరొందినది బాపు రాత. నరసాపురంలో పుట్టిన చిత్రకారుడు, సినీ దర్శకుడు బాపు (1933-2014) చేతిరాతనే కంప్యూటరు అక్షరాలుగా మలిచారు.

మామూలు అచ్చక్షరం గుండ్రంగా, దాదాపు ఒకే మందంతో ఉంటుంది. బాపు అక్షరంలో గీత ఒకచోట లావు, మరోచోట సన్నం. తలకట్టు ఎగిరినట్టుంటుంది. అందుకే పేర్లకు, పుస్తకాల అట్టలకు, స్వాగతం బోర్డులకు నప్పుతుంది.

అయితే ముహూర్తం, వేదిక కూడా ఇదే రాతలో చిన్నగా వేయిస్తే చిక్కే. 'ప'కు తలకట్టు విడిగా, 'వ'కు అంటుకుని ఉంటుంది. వంపుల్లో ఆ ఎడం పూడితే ఒకటి మరొకటిగా తోస్తుంది. 'ధ'కూ 'థ'కూ తేడా లోపలి చుక్కే. చూపు ఆనని పెద్దలు వేళ పొరబడితే, అక్షింతలు వేసే సమయం దాటాక పందిరికి చేరతారు.

పేర్లు బాపు రాతలో, తేదీ, సమయం, ఊరు మామూలు అచ్చులో వేయించడం మేలు. ప్రూఫును ఇంట్లో పెద్దవారి చేత ఒకసారి చదివించాలి. వారు తడుముకోకుండా చదివితేనే అచ్చుకు ఒప్పుకోవాలి.